సినిమాలో పడని మా వాటా

మా ఇంటి బొమ్మను నాకే చూపించడానికి మొన్న ఒక అమ్మాయి వచ్చింది. పేరు శ్రావ్య, ఆర్కిటెక్టు. వెంట మా పెద్దనాయన కొడుకు నర్సింగన్న ఉన్నాడు. ఫిలింనగర్ గుట్టల కింద మా పాత ఇల్లు ఉండిన జాగాలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. కింద జనం వచ్చి కూర్చునే హాలును అచ్చం ఒకప్పుడు సినిమాలో పడ్డ ఆ పాత ఇంటిలాగే కట్టాలని బిల్డరుకు కోరిక పుట్టిందట. ఇల్లు నిలబడి ఉన్నన్నాళ్లూ దాన్ని ఎప్పుడు పడగొడతారని మనిషి మీద మనిషిని పంపింది కూడా ఆ బిల్డరే. సరే కూర్చోండని మధురానగర్‌లోని నా రెండు గదుల ఇంట్లో కుర్చీలు చూపించాను. ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టింది.

చూడగానే ఏదో తేడాగా అనిపించింది కానీ ఏమిటో చప్పున తెలియలేదు. కళ్లద్దాలు మార్చుకుని మళ్లీ చూశాను. కుడివైపు పెద్దనాయన వాటా బాగానే ఉంది. ఎడమవైపు కూడా పెద్దనాయన వాటాయే ఉంది. అవే కిటికీలు, అదే దీపపు గూడు, అదే తలుపు, అద్దంలో పడ్డట్టు. నేను పుట్టి పెరిగిన సగం ఎక్కడా లేదు. ఇదేమిటమ్మా అని అడిగాను.

"ఆ సైడు రిఫరెన్స్ దొరకలేదండీ. సినిమాలో ఈ సగమే ఉంది కదా. అందుకని ఇటుదే అటు తిప్పేశాను. సిమెట్రీ కూడా వచ్చింది" అంది.

సిమెట్రీ వచ్చిందట. నర్సింగన్న సీలింగు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన పుట్టిన సగం రెండుసార్లు ఉంది కనుక ఆయనకు ఫిర్యాదేమీ లేదు. అది చాలదన్నట్టు ఇంటి నడిమధ్య ఆకాశానికి కంత పెట్టి, వాననీళ్లు పడే మండువా ఒకటి గీసింది ఆ పిల్ల. మాది రైతు ఇల్లమ్మా, నెత్తిన కంత పెట్టుకునే భాగ్యం మాకు లేదు, మా పెంకుల్లో ఉన్న కంతలే మాకు చాలినన్ని అన్నాను. హెరిటేజ్ అంటే జనం మండువాయే అడుగుతారని ఓపికగా నాకు చెప్పింది. మర్యాద తెలిసిన పిల్ల. నాకే ఆ రోజు మర్యాద తక్కువైంది. వాళ్లు టీ తాగి వెళ్లిపోయాక కూడా కోపం దిగలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. ఎవరూ చూడని ఆ సగం ఎట్లా ఉండేదో ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

ఇల్లు మా తాత కట్టించాడు. ఆయన్ను నేను చూడలేదు. రజాకార్ల రోజుల్లో ఇంటి అటక మీద జొన్నలు దాచి, పోలీసు యాక్షన్ అయ్యాక దించి ఊరందరికీ పంచాడని అవ్వ, అంటే నాయన తల్లి, గొప్పగా చెప్పేది. దించేసరికి పురుగు పట్టి ఉన్నాయని అమ్మ వంటింట్లోంచి మెల్లగా చేర్చేది. ఇప్పుడు బంగళాలు మొలిచిన ఆ గుట్టల మీద అప్పుడు బండరాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప ఇంకేమీ లేవు. గుట్టల కింద మా పొలం, బావి, బావికింద కూరగాయల మళ్లు. ఏనుగంత బండ ఒకటుంటే దానికి వీపు ఆనించినట్టు ఇల్లు కట్టారు. వెనక గోడ కలిసొస్తుందని తాత లెక్క. ఆ లెక్క వల్ల మా వాటా వంటింటికి వెనక గోడ లేదు, బండే ఉంది. ఎండాకాలం పగలంతా కాగిన బండ పొద్దుగూకినాక మా మీద ఆవిరి కక్కేది. వానాకాలం దానికి చెమటలు పట్టి, ఉప్పు జాడీ కింద ఎప్పుడూ తడే. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ వీపు ఒకవైపు కాలుతూ ఒకవైపు తడుస్తూ ఉండేది. ఈ బండ శ్రావ్య బొమ్మలో లేదు. ఉంటే ఆ హాల్లో ఎవరూ కూర్చోరు.

కట్టడం మాత్రం గట్టిది, ఆ మాట ఒప్పుకోవాలి. మొదట గోడలు లేపి వాటి మీద కప్పు వేసిన ఇల్లు కాదది. ముందు కర్ర నిలబెట్టారు, గోడ తర్వాత వచ్చింది. చెక్కిన రాతి దిమ్మెల మీద టేకు స్తంభాలు, స్తంభాల నెత్తిన దూలాలు, దూలాల మీద వాసాలు, ఆ పైన గూనపెంకులు. దూలం కొసను సన్నటి నాలుకలా, కుసిగా చెక్కి స్తంభంలో తొలిచిన బెజ్జంలో దిగగొట్టి, అది కదలకుండా కొయ్య చీలలు వేశారు. ఇనుప మేకన్నది లేదు. ఆ మొత్తం కర్ర గూడుకు మట్టిగోడ ఒక బట్టలాంటిది. ఎండా వానా లోపలికి రాకుండా కప్పుతుంది తప్ప దేన్నీ మొయ్యదు. ఒక ఏడు జడివానకు మా పడమటి గోడ కరిగి రాత్రికి రాత్రే కూలింది. దాని చోట తడికెలు కట్టుకుని ఎండలు వచ్చేదాకా బతికాం. కప్పు వెంట్రుకవాసి కదలలేదు. కప్పు కదలకపోయినందుకు నాయన మీసం తిప్పాడు. తడికె సందుల్లోంచి వచ్చే కుక్కల్ని కొట్టింది మాత్రం అమ్మ.

వానలకు ముందు స్తంభాలకు ఆముదం రుద్దడం మా ఆడపిల్లల పని. పాత పంచె పీలికలు ఆముదంలో ముంచి, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి. ఆ నూనె నాలుగు రోజులదాకా ఆరేది కాదు. ఆనుకుంటే రవిక వీపు నల్లబడేది, జడ అతుక్కునేది. ఇల్లంతా ఆముదం, పిడకల పొగ, గేదెల కొట్టంలోంచి వచ్చే పచ్చిగడ్డి వాసన కలిసి ఒక్క వాసనగా ఉండేవి. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. పెంకుల్లోంచి తేళ్లు రాలేవి. గుట్టల మీది కోతులు దిగివచ్చి పెంకులు తిరగేసి పోయేవి, వాటిని ఏటేటా మళ్లీ సర్దించాలి. పాత ఇళ్లంటే ఇప్పుడు ప్రాణం ఇచ్చేవాళ్లలో గూనపెంకుల కింద ఒక్క వానాకాలం గడిపినవాళ్లు నాకైతే కనపడలేదు. బిందెలన్నీ నేల మీద పరిచి, కారే చోటల్లా ఒకటి పెట్టి, చివరికి తాగడానికి నీళ్లు పట్టుకోవడానికి బిందె లేక కూర్చున్న ఇల్లాలిని వాళ్లు చూడలేదు.

ఆ ఇల్లు రెండు వాటాలు కావడానికి కారణం కరెంటు. పెద్దనాయన కొత్తదేదైనా ముందు పట్టుకునే మనిషి. యూసుఫ్‌గూడ దాకా వచ్చిన కరెంటు తీగను గుట్టకిందికి లాగించుకుందామన్నాడు. నాయన ఒప్పుకోలేదు. ఇల్లంతా ఎండిన టేకు, ఏటా నూనె తాగిన టేకు, దాని మీద తీగ పాకిస్తే ఒక్క నిప్పురవ్వ చాలన్నాడు. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరూ మొండివాళ్లే. మాట మాట పెరిగి, కరెంటు పక్కకు పోయి, చిన్నప్పుడు ఎవరు ఎవరి గోలీలు దాచుకున్నారో దాకా వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని ఇల్లు నిలువునా పంచారు. సాయబానులోంచి, అంటే ముందరి వసారాలోంచి మొదలై నడింట్లోంచి వెనక బండదాకా ఒక మట్టిగోడ లేపారు. ముందరి మెట్లు నడిమధ్య ఉండేవి, వాటినీ తీసేసి, ఇల్లు నిలిచిన ఎత్తు గద్దెకు ఆ కొసన వాళ్లకు, ఈ కొసన మాకు వేరువేరు మెట్లు పెట్టారు. అవ్వను పంచడానికి వీలుకాక ఒక నెల అక్కడ, ఒక నెల ఇక్కడ అన్నారు.

పంచలేనిది ఇంకొకటి ఉంది. ఇంటి ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా పోయే నడి దూలం. దాన్ని కోస్తే రెండు వాటాలూ నేల మీద ఉంటాయి. కనుక దూలం ఇద్దరిదీ అన్నారు. కింద నిలబడ్డ స్తంభాలు మాత్రం ఎవరి వైపువి వాళ్లవి. మట్టి తగిలితే కర్రకు చెదలు పడుతుందని కొత్త గోడను దూలానికి జానెడు కిందనే ఆపారు. దూలం పైన, పెంకుల దాకా, అంతా ఖాళీయే. అంటే పంపకాలైతే అయ్యాయి గానీ చప్పుడుకు పంపకం లేదు. అమ్మ నన్ను తిడితే అవతలి నుంచి పెద్దమ్మ తీర్పు చెప్పేది. వాళ్లింట్లో పోపు పెడితే మాకు తుమ్ములు. వాళ్ల వైపు వెలిగే బల్బు వెలుతురు మా వాసాల దాకా వచ్చి అక్కడే ఆగేది. మేం దాని కింద కిరసనాయిలు దీపం పెట్టుకుని చదువుకునేవాళ్లం. పక్కింటి వెలుతురుతో చదివితే చదువు రాదని నాయన మాకు ఖచ్చితంగా చెప్పి ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు. ఒకరి గురక ఒకరికి వినిపించేంత దగ్గరలో పడుకుని మాట్లాడుకోలేదు.

అప్పుడు సినిమావాళ్లు వచ్చారు. మాకు దగ్గర్లోనే స్టూడియో పడింది. పల్లెటూరి ఇల్లు కావాలంటే ఇక పల్లెదాకా పోకుండా గుట్ట దిగి రావడం మొదలుపెట్టారు. ప్రొడక్షన్ మేనేజరు సూర్యం గారని ఒకాయన, కోస్తా మనిషి, తెల్ల చొక్కా, మెడలో తువాలు, ఇల్లంతా చూసి పెద్దనాయన వాటా తీసుకున్నాడు. కరెంటు ఉన్నది అక్కడే కదా. నాయన వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పెద్దనాయన కుటుంబం సామాను సర్దుకుని గేదెల కొట్టంలోకి మారింది. ఇంట్లో ఉన్నది సినిమా కుటుంబం.

కష్టాలన్నీ మావి. కెమెరా తిరుగుతున్నంతసేపు మా వైపు చప్పుడు కాకూడదు. కారం దంచకూడదు, బిందె నేల మీద పెట్టకూడదు, కోడి కూయకూడదు. ఒక కుర్రాడు మా గడప దగ్గర నిలబడి వేలు నోటి మీద పెట్టుకుని మమ్మల్నే చూసేవాడు. ఆ నెల అవ్వ మా వాటా. ఆమెది పాత దగ్గు. పగలంతా నోట్లో కొంగు కుక్కుకుని, కళ్లలో నీళ్లు పెట్టుకుని, వాళ్లు కట్ అన్నాక అప్పటిదాకా దాచుకున్నదంతా ఒక్కసారే దగ్గేది. ఒకరోజు సూర్యం గారే మా గడప దాకా వచ్చాడు.

"ఏమనుకోకండమ్మా. కాసేపు పొయ్యి ఆర్పగలరా? పొగ పైనుంచి మా ఫ్రేములోకి వస్తోందండీ" అన్నాడు.

"అన్నం సగం ఉడికింది. ఇప్పుడు ఆర్పితే పలుకైతది. మీరు తింటరా పలుకన్నం?" అంది అమ్మ.

ఆయన నొచ్చుకుని, ఆర్పించిన పొయ్యికి బదులుగా వాళ్ల క్యాంటీను నుంచి పులిహోర, వడలు పంపించాడు. అవి ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు నాయన. గేదెకు పెట్టించాడు. అది తింటుంటే మేము వరుసగా నిలబడి చూశాం. నా జీవితంలో ఒక గేదె మీద అసూయ పడ్డది అప్పుడే.

ఆ షూటింగు ఇంకొన్ని రోజుల్లో ముగుస్తుందనగా వచ్చింది అసలు ఉపద్రవం. హీరోయిన్ దీపం పట్టుకుని సాయబాను నుంచి నడింట్లోకి నడిచి రావాలి, ఆమె వెనకే పట్టాల మీద కెమెరా రావాలి. పట్టాలకు ఒక స్తంభం అడ్డం వచ్చింది. పంపకపు గోడకు రెండు బారల దూరంలో, పెద్దనాయన వైపు ఉన్న స్తంభం. దర్శకుడికి ఆ ఒక్క స్తంభం లేకపోతే బాగుండుననిపించింది. కోసి తీసేద్దాం, షాటు అవగానే మళ్లీ పెట్టిస్తామన్నారు. పెద్దనాయన ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడని చాలా ఏళ్లు ఆలోచించాను. ఆ రోజుల్లో పొద్దున లేస్తే వాళ్లంతా ఆయన్ను బాబాయి గారు బాబాయి గారు అంటూ కుర్చీ వేసేవాళ్లు. కుర్చీ వేసినవాళ్లకు కాదనలేడు మనిషి.

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. రంపం చప్పుడు వినిపించింది. అమ్మ తలెత్తి గోడ మీదుగా పిలిచింది. "అక్కా, ఏం కోస్తున్నరు?" కొట్టంలోంచి అప్పుడే వచ్చిన పెద్దమ్మ గొంతు వినిపించింది. "కంబం కోస్తున్నరు చెల్లె. మీ బావనే కోయమన్నడు." అమ్మ చేట కింద పెట్టి, బావి దగ్గరున్న నాయనను పిలుచుకు రమ్మని నన్ను ఉరికించింది. నాయన మోకాళ్ల దాకా మడి బురదతో వచ్చాడు. వచ్చి ఏం చెయ్యాలి? మెట్లు దిగి అవతలికి పోయి రంపం పట్టుకోవాలి. పోలేదు. అవతలి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు కనుక మా నడింట్లోనే నిలబడి, దూలం వైపు చూస్తూ, నాతో అన్నాడు.

"బిడ్డా, మీ పెద్దనాయనకు చెప్పు. దూలం ఇద్దరిదీ అని."

నేను నోరు తెరిచేలోపలే అవతలి నుంచి జవాబు వచ్చింది.

"బిడ్డా, మీ నాయనకు చెప్పు. కంబం నాదని."

"కంబం పోతే దూలం దేని మీద నిలుస్తదో అడుగు."

"సర్వి కర్ర ఆనిస్తున్నరని చెప్పు. ఆయనకు ఫికర్ అవసరం లేదని చెప్పు."

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు, ఒకరి మాట ఒకరికి చక్కగా వినపడుతోంది. నా వైపు చూస్తూ ఒకాయన, కనపడని నన్ను ఉద్దేశించి ఇంకొకాయన అట్లా వాదించుకుంటూనే ఉన్నారు. మధ్యలో రంపం ఆగలేదు. చాలా సేపటికి చప్పుడు మారింది. కర్రలోంచి రంపం అవతలికి వచ్చేసినప్పటి చప్పుడు అది. ఇద్దరూ ఒకేసారి మాటలాపారు. నెత్తి మీద దూలం మూలిగింది. మట్టి రాలింది. ఒక పెంకు జారి నీళ్ల కుండ మీద పడింది. ఆ కుండ పగలడం తప్ప ఆ పూట ఇంకేమీ జరగలేదు. ఏమీ కాలేదు కదా అని అవతలి నుంచి పెద్దనాయన అన్నాడు, నాకే.

షాటు తీసుకున్నారు. తర్వాత ఆ చోట వాళ్ల ఆర్ట్ డిపార్ట్‌మెంటువాళ్లు ఒక స్తంభం పెట్టారు. తామరపువ్వులు, చిలకలు, గంటల వరుసలు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, లోపల డొల్ల, పైన టేకు రంగు. మిగిలిన సీన్లన్నీ దాని ముందే తీశారు. అసలు కర్రలో మా తాత ఒక్క పువ్వు చెక్కించలేదు, నున్నటి స్తంభాలవి. శ్రావ్య తన హాలు నిండా పెట్టింది ఈ ప్లాస్టర్ తామరపువ్వులనే. సర్వి కర్ర తీసేసి, మళ్లీ వచ్చి సరిచేస్తామని చెప్పి వాళ్లంతా వెళ్లిపోయారు. ఇంకో సినిమా, ఇంకో ఊరు. సూర్యం గారు మాట తప్పే మనిషి కాదని పెద్దనాయన చాలా కాలం అంటూ ఉండేవాడు.

సినిమా వచ్చినప్పుడు నాయనకు తెలియకుండా అమ్మ, పెద్దమ్మ, నేను కలిసి వెళ్లాం. ఆ దీపం షాటు అవ్వ ఒక్కసారి దగ్గేంత సేపు కూడా లేదు. పైగా మా పక్క సీట్లో స్టూడియోలో పనిచేసే ఒకాయన కూర్చున్నాడు. మాటలూ చప్పుళ్లూ అన్నీ తర్వాత మద్రాసులో పెడతారనీ, షూటింగులో చుట్టుపక్కల ఎంత గోలైనా ఫర్వాలేదనీ అడక్కుండానే చెప్పాడు.  ఇల్లు చేరగానే అమ్మ రోలు ముందుకు లాక్కుని, అవసరం లేకపోయినా కారం దంచింది.

దూలం దిగిందని మొదట తెలిసింది కూడా అమ్మకే. గోడకూ దూలానికీ మధ్య ఉన్న జానెడు సందులో ఆమె గడ్డి కోసే కొడవలి పెట్టుకునేది. ఒకరోజు తీయబోతే రాలేదు. దూలం మెల్లమెల్లగా కుంగి వచ్చి గోడ మీద కూర్చుంది, కొడవలి మధ్యలో ఇరుక్కుంది. మా తలుపులు మూసుకోవడం మానేశాయి. ఒక తలుపు సగంలో ఆగేది, ఇంకొకటి దానంతటది తెరుచుకునేది. పెట్టెలు గోడ నుంచి జరిగొచ్చేవి. పళ్లెంలో పోసిన చారు ఒక పక్కకే చేరేది. అట్లాంటి ఇంట్లో నేను పదో తరగతి చదివాను.

అవ్వ పెద్దనాయన నెలలో పోయింది. పాడె దించి వచ్చిన రోజు అన్నదమ్ములిద్దరూ బావి దగ్గర స్నానం చేసి తడి బట్టలతో గట్టు మీద చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. లేచి వచ్చేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే మెట్ల మీదుగా ఎక్కారు. దినాలయ్యాక పెద్దనాయన, గోడ తీసేద్దాం తమ్మీ, అమ్మ లేని ఇంట్లో మనకు గోడెందుకన్నాడు. నాయన గడ్డపార తెచ్చాడు. అమ్మా పెద్దమ్మా సామాను జరిపారు. అంత సంబరం ఆ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. పని మొదలుపెట్టే ముందు ఒక మేస్త్రీని పిలిచి చూపిద్దామన్నది అమ్మే. ఆయన వచ్చి నిచ్చెన ఎక్కి దూలం చూశాడు. కుసి దగ్గర కర్ర నిలువునా చీలి ఉంది. దాన్ని ఎత్తి కొత్త స్తంభం పెట్టబోతే రెండు ముక్కలవుతుందన్నాడు. దిగి గోడ మీద చెయ్యి వేశాడు.

"ఇగ మీ ఇల్లు ఈ గోడ మీదనే ఉన్నది. దీన్ని గెలకకుండ్రి. కిటికీ కూడ కొట్టకుండ్రి" అన్నాడు.

ఆ ఇంట్లో దేన్నీ మొయ్యని గోడల మధ్య, కోపంతో లేపిన ఆ ఒక్క గోడే మోసేది అయి కూర్చుంది. కొట్లాడుకున్నన్నాళ్లూ అది ఉత్త మట్టి. ఒక్క పూటలో పడేయొచ్చు. కలిశాక దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. పెద్దనాయన నవ్వబోయి ఆగిపోయాడు. నాయన గడ్డపార తీసుకుని వెళ్లి వాకిట్లో ఉన్న ప్రహరీని, అది దేన్నీ మొయ్యదు కనుక, సాయంత్రందాకా పడగొట్టాడు.

నా పెళ్లి అట్లాగే జరిగింది. విడిది పెద్దనాయన వాటాలో, పీటలు మా వాటాలో. పురోహితుడు అడిగిన ప్రతి వస్తువూ అవతలి వాటాలోనే ఉండేది. మనుషులు ఆ కొస మెట్లు దిగి, వాకిలి దాటి, ఈ కొస మెట్లు ఎక్కి తెచ్చేవాళ్లు. మా అత్తగారు ఆ గోడను చూసి, అన్నదమ్ములకు పడదేమో అని ఎవరినో అడిగిందట. పడుతుందని ఆమెకు నమ్మకం కలిగించడానికి మాకు మూడేళ్లు పట్టింది.

అందరూ పోయాక ఇల్లు నర్సింగన్న చేతికి వచ్చింది. బిల్డరు మనుషులు గోడ జోలికి పోకుండా పై నుంచి పెంకు పెంకుగా విప్పుకుంటూ వచ్చారు. టేకంతా ఏదో రిసార్టుకు పోయింది. ఇప్పుడు ఆ చోట కాంక్రీటు స్తంభాలు లేస్తున్నాయి. బండను మందుపెట్టి పేల్చారు. నిరుడు మా మధురానగర్ ఇంట్లో పక్క ఫ్లాటు ముసలాయన పోతే నాకు మూడో రోజు వాచ్‌మన్ చెప్పాడు. మా మధ్య ఉన్నది కూడా ఒక గోడే, ఆనాటి దానికన్నా చాలా పల్చనిది. గట్టిగా కట్టారు, చప్పుడు రాదు. చప్పుడు రాని గోడ కావాలని అమ్మ జీవితమంతా కోరుకుంది. నేనూ కోరుకున్నాను. వచ్చింది కదా మరి, ఇప్పుడెందుకీ చిరాకని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ ఇల్లు ఇంకా నిలబడి ఉండగా, నాయన మంచాన పడిన ఏడు నేను చాలా రోజులు అక్కడే ఉన్నాను. అప్పటికి పెద్దనాయనకు మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. మెట్లు దిగి ఎక్కడం ఆయన వల్ల కాదు. పొద్దుగూకే వేళకు తన వైపు గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. ఇవతల అదే గోడ పక్కన నాయన మంచం. దూలం పై నుంచి మాట వచ్చేది. తమ్మీ, తిన్నవా? ఏం తిన్నవ్? మజ్జిగ పోసుకున్నవా? రోజూ ఇవే మాటలు. నాయన విసుక్కునేవాడు. అన్నేళ్లు మాట్లాడకుండా దాచి, ఇప్పుడు అడగడానికి అన్నం తప్ప ఇంకేమీ దొరకలేదా అని నాతో అనేవాడు. అదీ అవతలికి వినపడేది. అయినా మర్నాడు అదే.

నాయన పోయాడు. దినవారాలయ్యాయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. నేను సాయబానులో బట్టలు మడతపెడుతున్నాను. అమ్మ లోపల, నాయన మంచం తీసేసిన చోట గోడ పక్కన కూర్చుని ఉంది. చీకటి పడుతోంది. అవతల పెద్దనాయన కూర్చున్న చప్పుడు, ఆయన మోకాళ్లు పట్టుకుని మూలిగే చప్పుడు వినిపించాయి. తర్వాత, ఆలోచించకుండా అలవాటుగా, "తమ్మీ, తిన్నవా" అన్నాడు. అని ఆగిపోయాడు. 

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావ ఎదుట పడదు, ఆయనతో మాట్లాడదు. పెళ్లై ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ అమ్మ ఆయనతో ఒక్క మాట అనలేదు. స్తంభం కోసిన రోజు కూడా అనలేదు. ఇప్పుడు ఆమె కొంగు తల మీదికి లాక్కోవడం చూశాను. నేను తప్ప చూసేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. గోడ వైపు కొంచెం తిరిగి, గొంతు సవరించుకుంది.

"తిన్న. మీరు తినుండ్రి" అంది.

 అవతల ఆయన గోడ పట్టుకుని లేచిన చప్పుడైంది. పెద్దమ్మను పిలిచి కంచం పెట్టమన్నాడు.